తోడు మన్ను

మెట్ల మలుపు తిరగకముందే ఆవిరి చప్పుడు వినిపించింది. ముందు బుసలా, తరువాత ఈలలా, ఆ తరువాత ఆగి ఆగి దగ్గులా. పై అంతస్తు చివరి గదిలో క్రిములను చంపే ఆవిరి యంత్రం, ఆటోక్లేవ్, మట్టిని ఉడికిస్తున్నదన్నమాట. శనివారం పదకొండు దాటాక ఆ చప్పుడు ఆ పరిశోధనశాలలో కొత్త కాదు. ఇంట్లో కుక్కర్ కూతకు ఎవరూ తల ఎత్తనట్టే ఇక్కడ దీనికీ ఎవరూ తల ఎత్తరు. అయినా సంధ్యారాణి కాలు మెట్టు మీదే ఆగిపోయింది. తరువాత అడుగు పడింది. అడుగు వెంట అడుగు పడింది. మూడో అడుగుకే అది పరుగైంది.

కుండీల గదిలో, కిటికీ కింది బల్ల మీద, జొన్న మొక్క ఉన్న మట్టి కుండీ ఉండవలసిన చోట ఒక తడి గుండ్రం మాత్రం ఉంది.

"సాయినాథన్నా! ఇక్కడి కుండీ ఏది?"

సాయినాథ్ అక్కడ పదహారేళ్ళుగా అటెండరు. చెప్పిన పని చెప్పినట్టు చేయడంలో ఆయనను మించినవాడు లేడు. చెయ్యి కాలకుండా గుడ్డ చుట్టుకొని, ఆవిరి గది గడపలో నిలబడి ఉన్నాడు.

"ఏ కుండి మేడమ్?"

"జొన్న మొక్కది. కిటికీ కిందిది."

"గదా? గా కుండి మీద పేరు లేదు గద." గోడకు అంటించిన కాగితం వైపు వేలు చూపాడు. "పేరు లేని కుండీలు శనివారం ఆవిరికి. సారు రాసిందే. మొక్క పీకి చెత్తల ఏసిన, మన్ను లోపల పెట్టిన. గంట దాటింది."

సంధ్యారాణి ఆటోక్లేవ్ మూతను రెండు చేతులతో పట్టుకోబోయింది. సాయినాథ్ అడ్డం వచ్చాడు. "కాల్తది మేడమ్! ఏమైంది? ఏమున్నది అండ్ల?"

అందులో ఉన్నది చెప్పాలంటే ఇరవై నెలలు చెప్పాలి.

జొన్న వేళ్ళలో ఆమె పెంచింది జొన్నను కాదు. వేళ్ళ లోపల కాపురముండే ఒక శిలీంధ్రాన్ని. మొక్క దానికి తీపి ఇస్తుంది. అది మొక్కకు, వేళ్ళు అందుకోలేని దూరం నుంచి నీటినీ భాస్వరాన్నీ మోసుకొస్తుంది. ఒకరికొకరు తోడు. ఇటువంటి శిలీంధ్రాలు చాలా ఉన్నాయి. సూక్ష్మదర్శిని కింద వాటి బీజాలన్నీ తేనెరంగు పూసలే. కంటితో చూసి పేరు పెడితే పది జాతులకు ఒకే పేరు పడుతుంది, ఒక్క జాతికి పది పేర్లు పడతాయి. అందుకని బీజాన్ని చిదిమి, లోపలి డీఎన్ఏ తీగలో ముందే గుర్తుపెట్టుకున్న ఒక భాగాన్ని చదువుతారు. ఆ భాగాన్ని మార్కర్ అంటారు. అక్షరాల వరుసను బట్టి అది ఏ వంశవృక్షంలో ఏ కొమ్మదో తేలుతుంది.

సంధ్యారాణి చదివిన తీగ తెలిసిన ఏ కొమ్మ మీదా కూర్చోలేదు. రెండు బీజాలు చదివితే రెండూ ఒక పక్కకు, ఒంటరిగా, కొత్త చిగురులా నిలబడ్డాయి.

"కొత్తదో, అబద్ధమో," అన్నారు ఆమె గైడు చక్రపాణి. "యంత్రంలో రెండు జాతుల ముక్కలు సగం సగం అతుక్కుంటే లేని జాతి ఒకటి పుట్టుకొస్తుందమ్మా. అలాంటి దెయ్యాలను చాలా చూశాను. ఇంకోసారి కొత్తగా బీజాలు తీసి చదువు. అప్పుడూ ఇదే వస్తే నమ్ముతాను."

బీజాలు తీయవలసింది ఎల్లుండి, సోమవారం. తన పరిశోధనను పరీక్షించే కమిటీ ముందు నిలబడవలసింది వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం. పాత డీఎన్ఏ చివరి చుక్క దాకా అయిపోయింది. తెచ్చిన మట్టి రెండు పిడికిళ్ళూ ఆ కుండీలోనే ఉన్నాయి. ఇప్పుడు ఉడికిపోయాయి.

చక్రపాణి వచ్చేసరికి ఆమె ఆ తడి గుండ్రం ముందే నిలబడి ఉంది. ఆయన గుండ్రాన్ని చూశారు, ఆమెను చూశారు, గడప దగ్గర తల దించుకున్న సాయినాథ్‌ను చూశారు.

"సాయినాథన్నను ఏమనకండి సర్. పేరు రాయంది నేనే."

"ఏం, ఎందుకు రాయలేదు?"

ఎలా చెప్పడం? సంధ్యారాణి కంటె ముందు ఆమె తల్లికి పుట్టిన పిల్లకు దవాఖానలో కాగితాల కోసమని మూడో రోజే పేరు రాయించారట. ఆ పిల్ల తొమ్మిదో రోజు దాటలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇరవై ఒకటో రోజు గడవనిదే దేనికీ పేరు పెట్టరు. దూడకైనా, దుకాణానికైనా. శాస్త్రం చదువుకున్న సంధ్యారాణికి అది వట్టి నమ్మకమని తెలుసు. తెలిసీ, లేబుల్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కలం ముందుకు కదలలేదు.

"నిలబడ్డంక రాద్దామనుకున్న సర్."

"నిలబడడానికే కదమ్మా రాసేది!" ఆయన గొంతు లేచింది, వెంటనే దిగింది. "సరే. ఉడికిన మట్టిని ఏడ్చి బతికించలేం. ఎక్కడ తెచ్చావో అక్కడికే పో. రిజిస్టరు తియ్యి."

రిజిస్టరులో ఆ వరుస ఆమె చేతిరాతే. స్థలం: ఎల్బీనగర్ రింగ్ రోడ్డు పక్క నర్సరీ. మొక్క: మల్లె. ఇచ్చినవారి పేరు అన్న గడి ఖాళీగా ఉంది.

చక్రపాణి ఆ ఖాళీ మీద వేలు పెట్టారు. "ఇదీ నిలబడ్డాకేనా?"

*

రింగ్ రోడ్డు పక్కన నర్సరీ లేదు. నర్సరీ ఉన్న చోట నిలువులోతు కందకం ఉంది; కందకంలో మనిషి పట్టేంత సిమెంటు గొట్టాలు ఉన్నాయి. ఫ్లైఓవర్ మీద బండ్లు, ఫ్లైఓవర్ కింద బండ్లు, పక్కన విజయవాడ బస్సుల కేకలు. ఇరవై నెలల కింద ఇదే చోట ఒక అవ్వ మల్లె మొక్కను కుండీలోకి మారుస్తూ, వేళ్ళ మొదట్లో ఒక పిడికెడు పాత మట్టి వేసి, ఆ పిడికిలిని కళ్ళకద్దుకోవడం సంధ్యారాణి చూసింది. ఎందుకవ్వా అంటే, పాలకు తోడేయకుంటె పెరుగైతదా అన్నది అవ్వ. అడగ్గానే రెండు పిడికిళ్ళు కవర్లో పోసి ఇచ్చింది. పేరు అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. అవ్వను అవ్వా అంటే చాలదా అనుకుంది.

చాలలేదు.

"అవ్వనా?" అన్నాడు చాయ్ హోటల్ ఆయన, పాలు ఎత్తి పోస్తూ. "గీడ మస్తు మంది అవ్వలు కూసుంటుండె. పేరేంది?"

పేరు తెలియదంది.

"మొక్కలమ్మే ముసలామెనా?" అన్నాడు ఆటో అడ్డాలో ఒకాయన. "లేపిండ్రు గద అందర్ని, ఆర్నెల్లాయె. ఎటువోయిండ్రో ఎవరికెరుక. పేరేంది?"

పేరు తెలియదంది.

"పేరు తెల్వకుంట మనిషిని ఎట్ల దేవులాడ్తవక్కా?" అన్నది జామపండ్ల తట్ట ముందు కూర్చున్నామె, జాలిగా. ఒక పండు తుడిచి చేతిలో పెట్టింది. "తిను. మొకం పీక్కపోయింది."

జామపండు చేతిలో పట్టుకొని సంధ్యారాణి నడిచింది. మెట్రో స్తంభాల నీడలు ఒక్కొక్కటి దాటింది. ఒక్కో నీడకు ఒక్కో అంకె మనసులో లెక్కకొచ్చింది: పన్నెండు రోజులు, బీజాలు తీయడానికి ఒకటి, చదివించడానికి ఐదు, అంతకుముందు వెతకడానికి... లెక్క తెగలేదు, నడక ఆగలేదు. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి కోచింగ్ సెంటర్లు వదిలారు. వందల సంచులు, వందల భుజాలు. అందరికీ మెడలో పేరు రాసిన కార్డులు వేలాడుతున్నాయి. ఆ పేర్లను చదువుతూ, చదువుతూ, జనాన్ని తోసుకుంటూ హాస్టల్ మెట్లు ఎక్కింది.

"ఏమిటే ఆ కంగారు, కాలుగాలిన పిల్లిలా?" అంది విజయదుర్గ. ఆ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా మాటలో తెనాలి పోలేదు. "పొద్దుటి టిఫిన్ తిన్లేదు, మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"లేదాంటీ. మొక్కలమ్మే ఒక అవ్వ కోసం. రింగ్ రోడ్డు దగ్గర ఉండేది..."

"ముక్కుకి పెద్ద పుడక, గట్టి గొంతు, ఆవిడేనా? మన డాబా మీది కరివేపాకు ఆవిడ దగ్గర కొన్నదే!"

సంధ్యారాణి రెండేసి మెట్లు ఎక్కి డాబా మీదికి పోయింది. కరివేపాకు నడుమెత్తు పెరిగి నిగనిగలాడుతోంది. కుండీ ముందు మోకాళ్ళ మీద కూలబడి మొదట్లో వేలు పెట్టింది. వేలికి మెత్తగా, గోధుమరంగు పొట్టు అంటుకుంది.

విజయదుర్గ ఆయాసపడుతూ వచ్చింది. "ఆ మట్టి చూస్తున్నావా? అది ఎప్పుడో పోయిందే. రాళ్ళూ రప్పలూ. వేళ్ళు శుభ్రంగా కడిగేసి కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, పోశాను. నెలకో గుప్పెడు డీఏపీ ఎరువు. అందుకే అంత నవనవలాడుతోంది."

అడగకముందే భాస్వరం వడ్డించే ఇంట్లో, దూరం నుంచి మోసుకొచ్చే తోడుకు పనేముంది? వేళ్ళు కడిగిననాడే అది పోయి ఉంటుంది. సంధ్యారాణి చేతులు దులుపుకుంది.

"ఆంటీ, ఆమె పేరేంటో..."

"మొక్కలమ్మేవాళ్ళ పేర్లు ఎవరడుగుతారే?" అని, ఎందుకో తానే చిన్నబుచ్చుకొని, విజయదుర్గ పమిట సర్దుకుంది. "ట్రాలీ ఆటోలో మొక్కలెక్కిస్తుంటే చూశాను. బాలాపూరో, బడంగ్‌పేటో, అటు పోతున్నానంది. ముందు నాలుగు మెతుకులు తిను. తిన్నాక ఎంతైనా తిరుగు."

*

ఆదివారం బాలాపూర్. ఎవరిని అడిగినా ముందు పేరేంది అన్నారు, తరువాత చెయ్యి ఏదో ఒక దిక్కుకు ఊపారు. ఆ దిక్కుకు పోతే అక్కడ ఇంకో చెయ్యి ఇంకో దిక్కుకు ఊగింది. సోమవారం పొద్దున బడంగ్‌పేట్. కొత్త కాలనీలు, సగం లేచిన గోడలు, ఇసుక కుప్పలు, ప్లాట్ల మధ్య ఎండిన గడ్డి. మూడు నర్సరీలు చూసింది, మూడింటిలోనూ మగవాళ్ళు. నాలుగో మలుపులో, ఒక కొత్త ఇంటి గేటు ముందు, మొక్కల ట్రాలీ ఆటో ఆగి ఉంది. ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకతను మందార మొక్క కవరు చింపి కుండీలో నిలబెడుతున్నాడు. పక్కన పగిలిన ముంత ఒకటి ఉంది. అందులోంచి పిడికెడు మట్టి తీశాడు, వేళ్ళ మొదట్లో చల్లాడు, ఖాళీ పిడికిలిని కళ్ళకద్దుకున్నాడు.

సంధ్యారాణి రెండు అంగల్లో అతని దగ్గరికి పోయింది.

"అన్నా, ఇప్పుడేసింది ఏంది?"

"మన్ను."

"ఏం మన్ను?"

"తోడు మన్ను." అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "మా అత్త ఏయమంటది, ఏస్తం. ఏయకుంటె తిడ్తది."

"మీ అత్తకు ముక్కుపుడక ఉంటదా? గొంతు గట్టిగ ఉంటదా?"

"గట్టిగనా?" అతను నవ్వాడు. "ఫోన్ లేకుంటనే అబ్దుల్లాపూర్‌మెట్ల ఇనొస్తది. ఎక్కు. మందార నాటి పోదాం."

అతని పేరు మధు. దారి పొడుగునా అత్త గురించే చెప్పాడు. ఎవరిదో ఖాళీ ప్లాటు కిరాయికి తీసుకున్నారట. ఇల్లు కట్టుకునేదాకా ఉండమన్నారట. ఎల్బీనగర్ నుంచి లేపినప్పుడు మొక్కలు సగం ఎండిపోయినా, అత్త మన్ను బానను మాత్రం ఒళ్ళో పెట్టుకొని వచ్చిందట.

అవ్వ వేపచెట్టు కింద పీట మీద కూర్చొని బంతినారు కట్టలు కడుతోంది. సంధ్యారాణి ఆటో దిగీ దిగకముందే గొంతు వినిపించింది. "గా ఎల్బీనగర్ల మన్ను తీస్కపోయిన పొల్లవు గద నువ్వు?"

"అవునవ్వా. గుర్తున్ననా?"

"మన్ను తీస్కపోయినోళ్ళను మరుస్తనా? మొక్క నిలవడ్డంక పిడికెడు మర్ల తేవాలె. అందరు తెచ్చిస్తరు. అట్లనే బాన నిండుతది. ఏది నా పిడికెడు?"

సంధ్యారాణి పీట పక్కన కింద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. కుండీ, జొన్న మొక్క, ఇరవై నెలలు, శనివారం, ఆవిరి.

"ఉడకబెట్టిండ్రా?" అవ్వ చేతిలో నారు కట్ట జారింది. "మన్నునా? తిననీకనా ఏంది?"

మధు పడీ పడీ నవ్వాడు. "ఉప్పు కారం ఏసిండ్రా అక్కా?"

"నువ్వు జర ఊకో. ఎందుకు ఉడకబెట్టిండ్రు బిడ్డా?"

"కుండి మీద పేరు లేదని."

"పేరు లేకుంటె ఉడకబెడ్తరా?" ఈసారి అవ్వ నవ్వలేదు. మధు కూడా ఆపేశాడు. "గిదేం న్యాయం?"

"తప్పు నాదే అవ్వా. పేరు పెట్టకముందు నిలవడాలె అనుకున్న." తల్లి కథ, మూడో రోజు పేరు పడిన పిల్ల కథ, గైడుకు చెప్పలేని కథ, అవ్వకు చెప్పింది. అవ్వ లేచి, గుడిసె వెనకున్న బాన మూత తీసి, అడుగు దాకా చెయ్యి పెట్టి పిడికెడు తీసింది.

"వానలకు నీళ్ళు నిండినయి. బతికున్నదో సచ్చిందో నాకు తెల్వదు. సూస్కో."

సంధ్యారాణి సంచిలోంచి కొత్త కవరు తీసింది. కవరు మీద తేదీ రాసింది, స్థలం రాసింది. ఈసారి కలం ఆగలేదు. "ఈ మన్ను మీకు ఎక్కడిదవ్వా?"

"మా ఆయన తెచ్చిండు. నల్లగొండ కాడ మా చెల్క గట్టు మీద ఒక్క తంగేడు పొద ఉంటుండె. మూడేండ్లు వాన లేదు. ఊరంత ఎండింది, అది ఎండలే. ఈయన రోజు పోయి దాని ముందల కూసునెటోడు. ఏంది సూస్తవయ్యా అంటె, దీని ఏరు కింద ఎవడో పని జేస్తుండే, మనకు కనవడ్తలేడు అనెటోడు." అవ్వ పెదవి కొసన చిన్న నవ్వు. "అందరు పిచ్చోడన్నరు. పట్నం వచ్చెటప్పుడు మంది బట్టలు కట్టుకుంటె, ఈయన తువాల్ల మన్ను కట్టుకున్నడు. బంగ్లాల తోటపని చేసినన్నేండ్లు ప్రతి మొక్కకు ఏసిండు. ఆయన పోయి ఎనిమిదేండ్లాయె."

సంధ్యారాణి కలం పట్టుకొనే ఉంది. కనిపించనివాడు ఎవడో పని చేస్తున్నాడని, ఏ యంత్రమూ లేకుండా, ఎండిన చెల్కలో కూర్చొని కనిపెట్టిన మనిషి. రెండు రోజులుగా ఊరంతా ఆమెను అడిగిన మాట ఇప్పుడు ఆమె నోట వచ్చింది.

"ఆయన పేరేందవ్వా?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అనదక్కా," అన్నాడు మధు. "మొగని పేరు తియ్యద్దంటది. రేషన్ కార్డు ఆఫీసుల అడిగితె గూడ నన్ను పిలిచి చెప్పిచ్చింది. మామ పేరు..."

"నువ్వు చెప్పకు!" గద్దించింది అవ్వ. తరువాత సంధ్యారాణి వైపు తిరిగి, కొంగు తీయకుండానే, గొంతు తగ్గించింది. "అయోధ్యల రాముడు లేడా? ఆయన నాయిన. తెల్సింది గద? రాస్కో."

తెలిసింది. అయినా సంధ్యారాణి రాయలేదు. "ఊహించి రాసుడు మా పనిల తప్పు అవ్వా. ఇచ్చినోళ్ళు చెప్పిందే రాయాలె."

"గట్లయితె ఖాళీ ఉంచు."

"ఖాళీ ఉంచినందుకే ఉడికింది."

అవ్వ కొంగు వదిలి బంతినారు తీసి మళ్ళీ కట్టసాగింది. "ముందుగాల పానముందో లేదో సూడు పో," అంది. "ఉంటె అప్పుడు మాట్లాడుదం."

సంధ్యారాణి కవరు మీద చివరి వరుస రాసింది: పేరు అడిగాను. చెప్పవలసి ఉంది.

*

మంగళవారం మట్టిని నీళ్ళలో కలిపి, సన్నని జల్లెడలు ఒకదాని కింద ఒకటి పెట్టి వంచింది. పెద్దవి పైన ఆగాయి, చిన్నవి కిందికి జారాయి. చివరి జల్లెడలో మిగిలిన నలుసులను గాజుపళ్ళెంలోకి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. మొదటి పళ్ళెంలో అన్నీ ఖాళీ పెంకులే. రెండో పళ్ళెంలో పెంకులే. కళ్ళు మంటలెత్తాయి, మెడ పట్టేసింది. లేచి కిటికీ దాకా నడిచింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. ఐదో పళ్ళెంలో, ఇసుక రేణువు చాటున, తేనెచుక్క లాంటిది ఒకటి మెరిసింది. లోపల నూనె బొట్లు కదిలాయి. నిండుగా ఉంది. బతికి ఉంది. సాయంత్రానికి అటువంటివి తొమ్మిది దొరికాయి.

గడప దగ్గర సాయినాథ్ ఉండనే ఉన్నాడు. ఆ వారమంతా అతను ఆ గదిని కాపలా కాశాడు. కుండీలకు, సీసాలకు, పళ్ళేలకు, చివరికి జల్లెడలకు కూడా ఆమె పేరు రాసి అంటించాడు.

"మేడమ్, మీ అన్నం డబ్బకు గూడ పేరేసిన. ఇగ దాన్ని ఎవడు ఉడకబెట్టడు."

ఇరవై నెలల్లో మొదటిసారి ఆ గదిలో ఆమె గట్టిగా నవ్వింది.

బుధవారం ఐదు బీజాలను ఒక్కొక్క గొట్టంలో ఒక్కొక్కటిగా చిదిమింది. మార్కర్ భాగాన్ని యంత్రం లక్షలసార్లు నకలు తీయాలి. తీస్తే, జెల్ మీద నీలి వెలుగులో ఒక గీత కనిపించాలి. ఒక్క గీతా కనిపించలేదు. గురువారం మిగిలిన నాలుగు బీజాలు. మట్టి మురికి యంత్రాన్ని అడ్డుకుంటుందని, ఈసారి పదింతలు పలుచన చేసింది. ఇవీ పోతే మళ్ళీ మట్టి జల్లించి బీజాలు వెతికే వ్యవధి లేదు. యంత్రం తిరిగినంతసేపూ ఆమె వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగింది. నాలుగింటిలో మూడు గీతలు వెలిగాయి. ఆ మూడూ శుక్రవారం అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కు పోయాయి.

పోయినవి రావడానికి ఐదు రోజులు. తిండి సహించలేదు, కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ నడిచే పోయింది. కందకం దగ్గర జామపండ్లామె రోజూ అడిగింది: "దొరికిందా నీ అవ్వ? పేరు దెల్సిందా?"

"అవ్వ దొరికింది. పేరు ఇంకా లేదు."

బుధవారం పొద్దున అక్షరాల వరుసలు వచ్చాయి. చక్రపాణి గదిలో, ఆయన వెనక నిలబడి, కొత్త వరుసలను పాత వాటితో కలిపి చెట్టు గీయించింది. తెర మీద కొమ్మలు ఒక్కొక్కటి విడిపోయాయి. తెలిసిన జాతులన్నీ తమ తమ చోట్ల కూర్చున్నాయి. ఒక పక్కగా, ఇంతకు ముందు రెండే ఆకులున్న ఒంటరి చిగురు మీద, ఇప్పుడు ఐదు ఉన్నాయి.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పెట్టుకొని మళ్ళీ చూశారు.

"అబద్ధం రెండు చోట్ల ఒకేలా పుట్టదమ్మా," అన్నారు. "ఇది ఉంది."

ఉంది. ఆ ఒక్క మాట విని సంధ్యారాణి ఆ ఐదు ఆకులనూ మళ్ళీ లెక్కపెట్టింది.

శుక్రవారం కమిటీ ఏడు ప్రశ్నలు వేసింది. ఆరు ప్రశ్నలకు సంధ్యారాణి జవాబు చెప్పింది. ఏడోది పేరు. శాస్త్రం పద్ధతిలో పేరుకు రెండు మాటలు: మొదటిది వంశానిది, మార్కరే చెప్పేసింది. రెండోది కనుగొన్నవారు పెట్టవలసింది. ఆమె తెర మీద ఆ రెండో మాట దగ్గర ఖాళీ ఉంది.

"రేపు చెప్తాను సర్," అంది.

చక్రపాణి కమిటీ వైపు చూసి దగ్గారు. "రేపు శనివారం," అని ఆమెకు మాత్రం వినబడేలా అన్నారు. "పదకొండు లోపు."

*

శనివారం తొమ్మిదింటికే ఆమె బడంగ్‌పేట్‌లో ఉంది. ఒడిలో కొత్త కుండీ. అవ్వ ఇచ్చిన మట్టిలో మిగిలినదంతా పోసి, జొన్న గింజలు వేసింది. రెండు ఆకుల మొలకలు వచ్చాయి. కుండీలో ఒక తెల్లని లేబుల్ గుచ్చి ఉంది. దాని మీద వంశం పేరు, తేదీ, ఊరు ఉన్నాయి. చివర ఖాళీ ఉంది.

"పానముందవ్వా," అంది.

అవ్వ కుండీని ఒళ్ళోకి తీసుకుంది. మొలకను వేలి కొసతో తాకింది. "ఎవడన్న పని జేస్తుండా దీని కింద?"

"చేస్తుండు. లోకంల ఎవ్వరికి తెల్వనోడు. నిన్న పెద్దోళ్ళంత ఒప్పుకున్నరు. ఇగ పేరు పెట్టాలె. నీ పేరు పెడ్త అవ్వా. చెప్పు."

"నాదేముంది? నేను పిడికెళ్ళేసిన. కనిపెట్టింది ఆయన." అవ్వ లేబుల్‌ను తిప్పి చూసింది. చదవడం రాకపోయినా ఖాళీ ఎక్కడుందో కనిపించింది. ఆ ఖాళీ మీద బొటనవేలు పెట్టింది. "ఇయ్యాల ఏం వారం?"

"శనివారం."

"ఆవిరి పెట్టే దినం."

"అవును. పదకొండుకు."

మధు ట్రాలీ తుడవడం ఆపి దగ్గరికి వచ్చాడు. నోరు తెరవబోయి, అత్త ముఖం చూసి మూసుకున్నాడు.

అవ్వ కొంగు అలవాటుగా నోటి దాకా పోయింది. అక్కడే ఆగింది. మెల్లగా దిగి ఒళ్ళో పడింది. పెళ్ళైన నాటి నుంచి, ఎనిమిదేళ్ళ కింద పాడె లేచిన నాడు కూడా, ఆ పెదవులు దాటి రాని మాట అది. ఆమె కుండీని రెండు చేతులతో ఎత్తి, పురిటి పిల్ల చెవిలో పేరు చెప్పేటప్పుడు వంగినట్టు, మొలకల మీదికి వంగింది. పెదవులు కదిలాయి, గాలి మాత్రం వచ్చింది. తల ఎత్తి సంధ్యారాణి చేతిలోని కలాన్ని చూసింది.

"ఇనవడలే గద," అంది. "మల్ల అంట. రాస్కో."

అన్నది. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వినిపించే ఆ గొంతుతో, ప్లాట్ల మధ్య ఎండిన గడ్డి మీదుగా, సగం లేచిన గోడల మీదుగా అన్నది:

"దశరథ."